మొదట కాగితాలు, తర్వాత ఇంజిన్, రంగు ఆఖర్న

పాత జపాన్ బండ్ల గురించి ఈ మధ్య మన వైజాగ్ నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువగా యమహా ఆర్‌ఎక్స్ 100, ఆర్‌డీ 350 గురించి, కొన్ని అక్కడినుంచి తెప్పించుకోవాలనుకునే పెద్ద బండ్ల గురించి. అడిగింది వేరువేరు సంగతులే అయినా, దాదాపు అందరూ పెయింటర్ దగ్గరికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నారు. దయచేసి కొంచెం ఆగి ఇది చదవండి.

ప్రశ్న: నమస్తే అండి. మాది కంచరపాలెం. మా నాన్నగారి ఆర్‌ఎక్స్ 100, 1993 మోడల్, ఏపీ 31 నంబరు, అయిదేళ్లుగా మెట్ల కింద ఉంది. నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆర్సీ ఆయన పేరు మీదే ఉంది, గడువు కూడా దాటిపోయింది. కిక్ రాడ్ కిందికి దిగట్లేదు. ఒకాయన వచ్చి ఉన్నది ఉన్నట్టుగా కొంటానంటున్నాడు. మా తమ్ముడేమో పెయింట్ వేయించి తనే నడుపుతానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ కొనడానికొచ్చినాయన్ని ఆగమనండి, మీ తమ్ముణ్ణి కూడా. 1985లో మన దేశానికి వచ్చి 1996లో ఆగిపోయిన బండి అది. చూస్తే 98 సీసీ, 11 హార్స్ పవరే, కానీ అంత తేలికైన బండికి ఆ పికప్ చాలా ఎక్కువ, అందుకే ఇప్పటికీ దాని కోసం ఇళ్ల తలుపులు తట్టేవాళ్లున్నారు. మొదటి నుంచీ ఒకే ఇంట్లో ఉన్న బండి, అదీ ఏపీ 31 నంబరుతో, మళ్లీ దొరకడం కష్టం. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ కిందికి వచ్చేసింది కదా, ఆ పాత నంబరు ఇక కొత్తగా ఎవరికీ రాదు. కాబట్టి అమ్మాలా వద్దా అన్నది ఈ నెలలోనే తేల్చేయకండి.

మొదట కాగితాలు. యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకి తెలియజేసి, మూడు నెలల్లోపు పేరు మార్పుకి ఫారం 31 పెట్టుకోవాలన్నది నిబంధన. మీకు ఆ గడువు దాటిపోయింది, ఆలస్యానికి జరిమానా కట్టాల్సి రావచ్చు, దానికి టెన్షన్ పడొద్దు. డెత్ సర్టిఫికెట్, వారసుల ధ్రువపత్రం, పాత ఆర్సీ, మిగతా వారసుల అంగీకార పత్రాలు దగ్గర పెట్టుకుని మాధవధారలోని ఆఫీసులో అడగండి. ఒరిజినల్ ఆర్సీ కనిపించకపోతే ముందు దాని సంగతి చూడాలి. పేరు మారాక ఫారం 25తో రెన్యూవల్. మొదటి 15 ఏళ్ల తర్వాత అయిదేసి ఏళ్లకి ఒకసారి చేయించాల్సింది అది. బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి, నడిచే స్థితిలోనే చూపించాలి. ఫీజులు ఈ మధ్య మారుతున్నాయి, వెళ్లే ముందు కనుక్కోండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది: ఇంజిన్ మీద, పెయింట్ మీద వేలకు వేలు పోసి, ఆఖర్న పేరు మార్చుకోలేక బండిని మళ్లీ అదే మెట్ల కిందకి తోసేసినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు.

ఇంజిన్ విషయానికొస్తే, కిక్ దిగట్లేదంటే పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండర్‌కి అతుక్కుని ఉంటాయి. కిక్ మీద నిలబడి తొక్కొద్దు, పక్కింటి కుర్రాళ్లతో తోయించొద్దు. ప్లగ్ విప్పి, డీజిల్లో కొంచెం 2టీ ఆయిల్ కలిపి ఆ రంధ్రంలోంచి పోసి కొన్ని రోజులు వదిలేయండి, మధ్యలో తగ్గితే మళ్లీ పోయండి. తర్వాత టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ నెమ్మదిగా కదపండి. చాలాసార్లు వదులుతుంది. వదిలింది కదా అని స్టార్ట్ చేయకండి! తుప్పు పట్టిన రింగు ఒక్క నిమిషంలో సిలిండర్ లోపల గీతలు పెట్టేస్తుంది. హెడ్డు, సిలిండర్ విప్పించి బోర్, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, కొలిపించండి. కంపెనీ కొలత 50 మిల్లీమీటర్లు. దానికి దగ్గర్లో ఉంటే కొత్త రింగులు, హోనింగ్‌తో (లోపలి గోడని సన్నగా సాన పట్టడం) పనైపోవచ్చు. అరిగిపోతే 0.25, 0.50 అలా పెద్ద సైజు పిస్టన్‌కి వెళ్లాలి. ఎంత చిన్న సైజుతో సరిపెడితే అంత మంచిది, ఎందుకంటే ఒకసారి కోసేసిన లోహం తిరిగి రాదు. కొలవకుండానే నేరుగా లాస్ట్ సైజు వేద్దామనే లేత్ షాపు నుంచి సిలిండర్ పట్టుకుని బయటికొచ్చేయండి.

ట్యాంకు లోపల తుప్పుంటే పెట్రోల్ కాక్ విప్పి, ఆ రంధ్రం గట్టిగా మూసి, గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నింపి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు ఒంపేసి, తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, హెయిర్ డ్రయర్‌తో వెంటనే ఆరబెట్టాలి. అలా వదిలేస్తే మన గాలికి గంటలోనే ఎర్రగా కొత్త తుప్పు వస్తుంది. ఆరిన వెంటనే పెట్రోల్, ఆయిల్ కలిపి లోపలంతా తిప్పండి. కార్బ్యురేటర్‌లో పాత పెట్రోల్ జిగురైపోయి ఉంటుంది, చిన్న జెట్ మూసుకుపోయి ఉంటుంది, దాన్ని ఇనప తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదైపోతుంది.

ఇక పెయింట్. మీ నాన్నగారు కొన్నప్పటి రంగు, స్టిక్కర్లు ఇంకా ఉంటే వాటిని ముట్టుకోవద్దని మీ తమ్ముడికి నా మాటగా చెప్పండి. సబ్బు నీళ్లతో కడిగి, మెత్తటి రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి, మైనం పూస్తే చాలు. గీతలున్నా సరే. కంపెనీ వేసిన రంగు ఒక్కసారి గీకేస్తే ఇంకెవరూ తెచ్చివ్వలేరు, సంగతి తెలిసినవాళ్లు కూడా దానికే ఎక్కువ ధర పెడతారు. ఫ్రేముకి రంగు తప్పనిసరైతే ఛాసిస్ నంబరు దగ్గర గీకనివ్వకండి, మందంగా పౌడర్ కోటింగ్ పడనివ్వకండి. ఆ అంకెలు పూడిపోతే రెన్యూవల్ రోజు నరకం.

ప్రశ్న: సార్, నా సుజుకి షోగన్ ఇంజిన్ సైడ్ కవర్ స్క్రూలు తిప్పుతుంటే తలలు అరిగిపోతున్నాయి. స్క్రూలు నాసిరకమా? అక్కయ్యపాలెం నుంచి.

జవాబు: స్క్రూలు మంచివే, స్క్రూడ్రైవర్ వేరేది. మనకి బజార్లో దొరికే స్టార్ స్క్రూడ్రైవర్ ఫిలిప్స్ కొలతది. జపాన్ బండ్లలో ఉండేవి జేఐఎస్ అనే జపాన్ ప్రమాణానివి, తల మీద చిన్న చుక్క ఉంటే అదే. ఫిలిప్స్ మొన అడుగుదాకా దిగదు, బలం పెట్టగానే పైకి జారి అంచులు తినేస్తుంది. జేఐఎస్ డ్రైవర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, రెండో నంబరు, మూడో నంబరు కొనండి. గట్టిగా పట్టేసినవాటికి సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. పాత జపాన్ బండి ఉన్న ప్రతి ఇంట్లో స్పానర్ల కంటే ముందు ఉండాల్సింది జేఐఎస్ డ్రైవరే.

ప్రశ్న: అన్నా, గాజువాక నుంచి రాస్తున్నాను. ఆర్‌డీ 350 ఒకటి అమ్మకానికి ఉంది, హెచ్‌టీ (హై టార్క్) అంటున్నారు. చూడటానికి వెళ్లినప్పుడు ఏమేం చూడాలి? ముందు డిస్క్ బ్రేక్ వేయించొచ్చా? సైలెన్సర్ కోస్తే ఇంకా లాగుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా?

జవాబు: తమ్ముడూ, ఆ బండి కథ కొంచెం తెలుసుకుని వెళ్తే బేరం కూడా తెలివిగా చేస్తావు. యమహా 1973లో తెచ్చిన బండిని మన దగ్గర ఎస్కార్ట్స్ 1983 నుంచి రాజ్‌దూత్ 350 పేరుతో అమ్మింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. అసలు జపాన్ బండి 39 హార్స్ పవర్ ఇస్తే, మైలేజీ కోసం తగ్గించి మన దగ్గర హెచ్‌టీకి 30.5, తర్వాత వచ్చిన ఎల్‌టీకి (లో టార్క్) 27 ఇచ్చారు. ముందు డిస్క్ తీసేసి డ్రమ్ పెట్టారు. అప్పట్లో మన రోడ్ల మీద దాని వేగానికి సాటి లేదు, కానీ మైలేజీ తక్కువ, ధర ఎక్కువ, స్పేర్లు దొరికేవి కావు, ఆ దశాబ్దం ముగిసేసరికి ఆగిపోయింది. ఇప్పుడు హెచ్‌టీకి గిరాకీ ఎక్కువ కాబట్టి ఎల్‌టీని కూడా హెచ్‌టీ అని చెప్పి అమ్మేస్తున్నారు. అమ్మేవాడి మాట కాదు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఆర్సీ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. నంబరు చుట్టూ గ్రైండింగ్ గీతలు కనిపించినా, అంకెలు వంకరగా ఉన్నా అక్కడితో ఆపెయ్, బండి ఎంత అందంగా ఉన్నా.

వెళ్లేముందు ఫోన్ చేసి ఇంజిన్ వేడి చేయొద్దని చెప్పు. చల్లగా ఉన్న ఇంజిన్నే స్టార్ట్ చేసి చూడాలి. టూ స్ట్రోక్‌లో పెట్రోల్, గాలి ముందు క్రాంక్ (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) ఉన్న గదిలోకి వెళ్లి అక్కణ్ణుంచి పైకి ఎక్కుతాయి, అందుకే ఆ గదికి రెండు చివర్లా ఉండే ఆయిల్ సీల్స్ బాగుండటం ప్రాణంతో సమానం. కుడి పక్క, అంటే క్లచ్ పక్క సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగేసుకుని తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, గేర్ ఆయిల్ కూడా తగ్గుతూ ఉంటుంది. ఎడమ పక్క సీల్ పోతే పొగ రాదు, గాలి లాగుతుంది. ఇదే ఇంకా ప్రమాదం. యాక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎం కిందికి దిగకుండా అలాగే పైన నిలబడుతుంది, పెట్రోల్ తక్కువై పిస్టన్ వేడెక్కి హైవే మీద పట్టేస్తుంది. ఆనందపురం దాటాక స్పీడులో వెనక చక్రం లాక్ అయితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. రెండు సైలెన్సర్ల నుంచీ పొగ ఒకేలా రావాలి, రెండు సిలిండర్ల కంప్రెషన్ దగ్గరదగ్గరగా ఉండాలి. క్రాంక్ శబ్దం చేస్తుంటే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించు, ఎందుకంటే ఆ క్రాంక్ ముక్కలు ముక్కలుగా ప్రెస్ చేసి కూర్చింది. విప్పి మళ్లీ కూర్చాక డయల్ గేజ్ పెట్టి సరిచేయడం వచ్చినవాడు కావాలి, సుత్తితో సరిచేసేవాడు కాదు.

ఇంటికి తెచ్చాక ఆయిల్ పంపు కేబుల్ ముందు చూసుకో. కార్బ్యురేటర్లు మార్చినా, కేబుళ్లు మార్చినా పంపు గుర్తు మళ్లీ కలపాలి. అది మర్చిపోయి పిస్టన్లు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

డిస్క్ సంగతి: ముందు ఉన్న డ్రమ్మునే సరిగ్గా చేయించు. కొత్త షూలు, డ్రమ్ము గుండ్రానికి తగ్గట్టు షూలు సాన పట్టడం, కొత్త కేబుల్. సగానికి సగం ఫిర్యాదులు దీంతోనే పోతాయి. అయినా డిస్కే కావాలంటే బోల్టులతో బిగించేదే పెట్టు, ఫోర్కుకి వెల్డింగ్ వద్దు, తీసిన ప్రతి ముక్కా డబ్బాలో పెట్టి దాచు. బండిని కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మార్చితే రెన్యూవల్‌లో అడుగుతారు, అది కూడా ముందే కనుక్కో.

సైలెన్సర్ మాత్రం కోయొద్దు. టూ స్ట్రోక్ సైలెన్సర్ పొగ గొట్టం మాత్రమే కాదు, ఇంజిన్లో భాగం. దాని లోపలి ఆకారం వల్ల ఒక ఒత్తిడి అల వెనక్కి తిరిగొచ్చి, పోర్టులోంచి బయటికి జారిపోతున్న పచ్చి పెట్రోల్‌ని మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. ఎక్కడ పడితే అక్కడ కోస్తే ఆ అల సమయానికి రాదు. చప్పుడు పెరిగి పవర్ తగ్గుతుంది, బీచ్ రోడ్డులో ట్రాఫిక్ పోలీసులు ఆపడం వేరే. చప్పుడే స్పీడు అనుకోవడం ఈ బండ్లకి మన కుర్రాళ్లు చేస్తున్న పెద్ద అన్యాయం.

ప్రశ్న: గురువుగారూ, పెదవాల్తేరులో ఉంటాను. సముద్రం గాలికి ఎంత తుడిచినా క్రోమ్ మీద చుక్కలు, ఇంజిన్ మీద తెల్లటి పొడి. దానికితోడు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ పాత బండ్లకి మంచిది కాదంటున్నారు. నాది ఆర్‌ఎక్స్ 135.

జవాబు: క్రోమ్ పొర చాలా పల్చన, కింద ఉండే నికెలే అసలు కాపలా. ఆ పొరల్లో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, ఉప్పు తేమ వాటిలోంచి ఇనుముదాకా వెళ్తుంది. కొత్తగా వచ్చిన చుక్కలకి వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ఉండ చుట్టి నీళ్లలో తడిపి మెల్లగా రుద్దండి, ఇసుక కాగితం పెట్టకండి. చుక్క పోయాక పల్చగా మైనం. బీచ్ రోడ్డులో తిరిగినా, భీమిలి దాకా వెళ్లొచ్చినా ఆ రోజే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, ప్రెషర్ గన్ బేరింగుల దగ్గర వాడొద్దు. ప్లాస్టిక్ కవర్ కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది, పాత నూలు దుప్పటి నయం. ఇంజిన్ మీది తెల్లటి పొడి అల్యూమినియంకి పట్టే తుప్పు, మెత్తటి బ్రష్‌తో తీసి పల్చగా నూనె రాయండి. వైర్ల కనెక్టర్లు విప్పి చూడండి, ఆకుపచ్చగా ఉంటే లైట్లు మసకగా వెలగడానికి అదే కారణం. శుభ్రం చేసి గ్రీజు పెట్టి మూయండి. ఎర్త్ వైరు ఫ్రేముకి తగిలే చోట కూడా.

మొత్తం మళ్లీ క్రోమ్ చేయించాలంటే ముందు రాగి, తర్వాత నికెల్, ఆపైన క్రోమ్ వేసే షాపుకే ఇవ్వండి. నేరుగా క్రోమ్ వేసిస్తే మన ఊళ్లో ఒక వానాకాలం నిలవదు.

ఈ20 గురించి మీరు విన్నది చాలావరకు నిజం. ఇథనాల్ నీటిని లాగుతుంది, నీరు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగుకి దిగుతుంది, పాత రబ్బరు గొట్టాల్ని, వాషర్లని ఉబ్బించి పగలగొడుతుంది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం కాస్త పల్చబడుతుంది, టూ స్ట్రోక్‌కి అది వేడి. పెట్రోల్ గొట్టం ఇథనాల్‌ని తట్టుకునే రకంతో మార్చండి. వారానికి మించి బండి తీయకపోతే కాక్ మూసి కార్బ్యురేటర్ గిన్నె ఖాళీ చేయండి, ట్యాంకు మాత్రం నిండుగా ఉంచండి, ఖాళీ జాగా ఉంటేనే తేమ చేరేది. ప్లగ్ రంగు చూడండి, లేత గోధుమ రంగు ఉంటే మంచిదే, తెల్లగా కాలినట్టుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడాలి. ఆయిల్ జేఐఎస్‌లాగే జపాన్ వాళ్ల జాసో ప్రమాణంలో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని ఉన్నదే పోయండి.

ప్రశ్న: మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. 1985 నాటి సుజుకి జీఎస్‌ఎక్స్ ఆర్ 750 జపాన్ వేలంలో కొని కంటెయినర్‌లో వైజాగ్ పోర్టుకే తెప్పించుకోవాలని ఉంది. కుదురుతుందా?

జవాబు: మీ కోరిక నాకు బాగా అర్థమైంది. రోడ్డు బండికి అల్యూమినియం ఫ్రేము, ఆయిల్‌తో చల్లబడే ఇంజిన్ పెట్టి అంత తేలిగ్గా తెచ్చిన మొదటి 750 అది, రేసు బండికి నంబరు ప్లేటు తగిలించినట్టు ఉంటుంది. కానీ కుదరదు. మన దేశంలోకి వాడిన బండి రావాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, పైగా దాన్ని ముంబై పోర్టులోనే దించాలి. మన పోర్టు కళ్లెదురుగానే ఉన్నా లాభం లేదు.

50 ఏళ్లు దాటిన బండ్లకి వేరే దారి ఉంది, వాటి దిగుమతి షరతులు డీజీఎఫ్‌టీ (కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం) ప్రకటనల్లో చదువుకోండి. అంటే 1969 నాటి హోండా సీబీ 750, 1972లో వచ్చిన కవాసాకి జెడ్1 లాంటివి ఆ వయసుకి వచ్చేశాయి, మీ సుజుకికి 2035 దాకా ఆగాలి. 50 ఏళ్లు దాటినవాటికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది: నంబరులో వీఏ అక్షరాలు, ఫీజు 20 వేలు, పదేళ్లకి చెల్లుతుంది, తర్వాత రెన్యూవల్‌కి 5 వేలు. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి కుదరదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, అలాంటి వాటికే. ఒక షరతు గమనించండి: ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. ఒరిజినల్‌గా ఉంచమని నేను మొదటి నుంచీ పోరుతున్నది ఊరికే కాదు.

విడి భాగాలుగా తెచ్చి ఇక్కడ బిగిస్తాం, కాగితాలు మేం చూసుకుంటాం అనేవాళ్లని దగ్గరికి రానివ్వకండి. పట్టుబడితే బండీ పోతుంది, డబ్బూ పోతుంది. ఇప్పటికే మన దేశంలో సక్రమంగా రిజిస్టరై, కస్టమ్స్ సుంకం కట్టిన కాగితాలున్న బండి దొరికితే ధర ఎక్కువైనా అదే కొనుక్కోండి.

ప్రశ్న: స్పేర్లు కొంటే సగం నకిలీలే వస్తున్నాయి. ఒరిజినల్ ఎలా పట్టుకోవాలి? గోపాలపట్నం నుంచి.

జవాబు: పేరుతో కాదు, పార్ట్ నంబరుతో వెతకండి. యమహా నంబరులో మొదటి మూడు అక్షరాలు ఆ భాగం మొదట ఏ మోడల్ కోసం తయారైందో చెప్తాయి, తర్వాతి అయిదు అంకెలు అది ఏ భాగమో, ఆఖరి రెండు ఎన్నోసారి మార్చారో. 11631 అంటే ఏ యమహాలోనైనా పిస్టనే. హోండాలో మధ్య మూడంకెలు మోడల్‌వి, 300 కనిపిస్తే అది సీబీ 750 కోసం పుట్టిన భాగం. ఇది తెలిస్తే మీ బండికి దొరకనిది వేరే మోడల్ పేరుతో, వేరే దేశంలో, చవగ్గా దొరుకుతుంది, ఎందుకంటే జపాన్ కంపెనీలు ఒకే సీల్‌ని, ఒకే బేరింగ్‌ని చాలా బండ్లలో వాడాయి. బేరింగులకీ సీల్స్‌కీ అయితే పార్ట్ నంబరు కూడా అక్కర్లేదు, వాటి మీదే సైజు రాసి ఉంటుంది, ఆటోనగర్‌లోని బేరింగ్ షాపుకి పాతది పట్టుకెళ్లండి.

తయారీదారులు కూడా కొన్ని పాత భాగాలు మళ్లీ చేస్తున్నారు, కవాసాకి అయితే జెడ్1 సిలిండర్ హెడ్డునే తిరిగి తయారుచేసింది. మన ఆర్‌ఎక్స్‌కి ఆ అదృష్టం పట్టేదాకా పాత ఇనుము కొట్లే దిక్కు. అరిగిన ఒరిజినల్ కార్బ్యురేటర్ మెరుస్తున్న నకిలీ కంటే నయం, దానికి కొత్త జెట్లు, సూది వేస్తే పనిచేస్తుంది. మెకానిక్ మార్చిన ప్రతి పాత భాగాన్నీ అడిగి ఇంటికి తెచ్చుకోండి, పార్ట్ నంబరు రాసిన కవర్లో పెట్టండి. ఇవ్వనంటే మెకానిక్‌ని మార్చండి.